చెర్రీ ష్రింప్ రోజు విడిచి రోజు చనిపోతున్నాయి, టెస్టుల్లో మాత్రం అంతా బాగానే ఉంది

బెజవాడ_బాల్కనీ | మార్చి 8, రాత్రి 10:12

అందరికీ నమస్తే. చేపలు ఏడెనిమిదేళ్లుగా పెంచుతున్నాను కానీ ష్రింప్ (ట్యాంకులో పెంచే చిన్న రొయ్యలు) ఇదే మొదటిసారి. రెండడుగుల ట్యాంకు, సుమారు 60 లీటర్లు. చేప ఒక్కటీ లేదు. నల్ల ఇసుక, ఒక మొద్దు, జావా మాస్, అనుబియాస్ మొక్కలు. కుళాయి నీళ్లు నింపి, స్పాంజ్ ఫిల్టర్ పెట్టి, ఆరు వారాలు ఊరికే తిప్పాకే 20 రెడ్ చెర్రీలు తెప్పించాను. పార్సిల్లో ఒక్కటి కూడా పోలేదు. సన్న ట్యూబుతో చుక్క చుక్కగా నీళ్లు కలుపుతూ రెండు గంటలు అలవాటు చేసి వదిలాను.

మొదటి వారం భలే హుషారుగా తిరిగాయి. రెండో వారం నుంచి దాదాపు రోజు విడిచి రోజు ఒకటి పోతోంది. ఇవాళ్టికి 9 పోయాయి, 11 మిగిలాయి. అమ్మోనియా 0, నైట్రైట్ 0, నైట్రేట్ 10, పీహెచ్ 7, నీళ్ల వేడి 26 డిగ్రీలు. ష్రింప్ వచ్చినప్పటి నుంచి ప్రతి ఆదివారం సగం నీళ్లు మారుస్తున్నాను. అది కూడా వంటింటి ఆర్వో నీళ్లతోనే, వాటికి స్వచ్ఛమైన నీళ్లు ఉండాలని.

మా పాప బడికి వెళ్లే ముందు అద్దానికి ముక్కు ఆనించి లెక్కపెడుతుంది. ఇవాళ లెక్క మళ్లీ తగ్గేసరికి టిఫిన్ ముట్టుకోలేదు. తప్పు ఎక్కడ జరుగుతోందో చెప్పండి, సరిదిద్దుకుంటాను.

నాచుతోట | మార్చి 8, రాత్రి 10:41

నేను మొదట రాగి గురించి అడుగుతాను. చేపలు తట్టుకునే మోతాదు కూడా ష్రింప్‌కి విషమే. ఈ ట్యాంకులో ఇంతకుముందు చేపలకి మందులేమైనా వేశారా? కొన్ని మందుల్లో రాగి ఉంటుంది, ఇసుకలోకీ రాళ్లలోకీ చేరి ఎంతో కాలం తర్వాత కూడా బయటికొస్తుంది. ఇంట్లో పెద్దవాళ్లు ఎవరైనా రాగి బిందెలో నీళ్లు తెచ్చి పోయడం లేదు కదా? మా స్నేహితుడి ఇంట్లో అచ్చం ఇలాగే జరిగింది, మంచి నీళ్లే కదా అని వాళ్ల నాయనమ్మ పోసేది.

మొక్కలు ఎక్కడివి? పురుగుమందు కొట్టిన మొక్కలు వస్తుంటాయి. నేనైతే కొత్త మొక్కని రెండు వారాలు బకెట్లో ఉంచి, రోజు విడిచి రోజు నీళ్లు మార్చాకే లోపల పెడతాను. తూనీగ పిల్లలు కూడా మొక్కలతోనే వస్తాయి. ఒక్కటి దూరినా రాత్రికి రాత్రి ష్రింప్‌ని పట్టి తినేస్తుంది.

శ్రావణి_మియాపూర్ | మార్చి 8, రాత్రి 11:05

మీరు రాసిన వాటిలో రెండు అంకెలు లేవు. జీహెచ్ (నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఏపాటి ఉన్నాయో చెప్పేది) ఎంత? టీడీఎస్ (నీళ్లలో కరిగిన మొత్తం ఖనిజాలు) ఎంత? ట్యాంకుదీ, ఆర్వోదీ, కుళాయిదీ మూడూ విడివిడిగా కావాలి.

ఇంకొకటి. చనిపోయినవాటిని పారేయకుండా తెల్ల ప్లేటులో పెట్టి, తలకీ పొట్టకీ మధ్య మెడలాంటి చోట ఏం కనిపిస్తోందో చూడండి.

బెజవాడ_బాల్కనీ | మార్చి 9, ఉదయం 8:20

నాచుతోట గారూ, రాగి బిందె లేదు, మందులూ వేయలేదు, ట్యాంకు కొత్తదే. మొక్కలు ఇక్కడే ఒక తమ్ముడి ట్యాంకు నుంచి తెచ్చాను, ఆ ట్యాంకులో ష్రింప్ ఉంది.

శ్రావణి గారూ, పక్కింటి వాళ్ల టీడీఎస్ మీటర్ తెచ్చి చూశాను. కుళాయి 290, ఆర్వో 34, ట్యాంకు 72. జీహెచ్ కిట్ ఇప్పుడే ఆర్డర్ పెట్టాను.

పొద్దున ఒకటి పోయింది. పాప లేవకముందే తీశాను. ప్లేటులో పెట్టి ఫోన్ కెమెరాతో దగ్గరగా చూస్తే, మీరన్న మెడ దగ్గర చుట్టూ తెల్లటి గీత ఉంది, దారం కట్టినట్టు. ఆ గీతకి వెనక పెంకు కొంచెం పైకి లేచింది. లోపల కొత్త తోలు మెత్తగా, గులాబి రంగులో ఉంది. కాళ్లు రెండు పాత పెంకులోనే ఇరుక్కుని ఉన్నాయి. చూడలేకపోయాను.

శ్రావణి_మియాపూర్ | మార్చి 9, ఉదయం 9:02

అదేనండీ. కుబుసం విడవలేక చనిపోయింది.

ష్రింప్ పెరగాలంటే పాత పెంకు వదలాలి. మామూలుగా మెడ దగ్గర పైభాగంలో మాత్రమే పెంకు పగులుతుంది, ఒక్క జెర్కుతో బయటికి దూకేస్తుంది. పగులు చుట్టూరా తిరిగిపోతే ముందు భాగం విడిగా, వెనక భాగం విడిగా పట్టుకుంటాయి. ఇక బయటికి రాలేదు. ఆ తెల్ల గీత అదే. నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం చాలనప్పుడు, లేదా నీళ్లు ఒక్కసారిగా మారి టైం రాకముందే కుబుసం విడవాల్సి వచ్చినప్పుడు ఇలా అవుతుంది. మీ దగ్గర రెండూ కలిసి జరిగాయి.

మొదటి వారం ఎందుకు బాగున్నాయో మీ అంకెల్లోనే ఉంది చూడండి. కుళాయి నీళ్లతో నింపారు కాబట్టి 290తో మొదలైంది. మొదటి ఆదివారం సగం తీసి ఆర్వో పోస్తే 162. రెండోది 98. మూడోది 66. మీ మీటర్ 72 చూపిస్తోంది, సరిగ్గా సరిపోయింది. ప్రతి ఆదివారం మీరు సగం ఖనిజాలు బయటికి తోడేశారు.

చెర్రీలకి టీడీఎస్ 150 నుంచి 300 దాకా, జీహెచ్ 6 నుంచి 8, కేహెచ్ (నీళ్లలోని కార్బొనేట్ల కొలత) 2 నుంచి 5, పీహెచ్ 6.5 నుంచి 8 వరకూ హాయిగా ఉంటుంది. అంటే మీ కుళాయి నీళ్లే వాటికి మేలు. మీ ప్రేమలో లోపం లేదు. మనం తాగడానికి ఆర్వో వాడతాం కాబట్టి వాటికీ అదే మంచిదని ఎవరైనా అనుకుంటారు.

ఉండి_కాలువ | మార్చి 9, మధ్యాహ్నం 1:30

నేను ష్రింప్ పెంచను గానీ, మాది వెనామీ రొయ్యల చెరువులున్న ఇల్లండి. ఈ చర్చ చదువుతుంటే మా నాన్న మాటలే విన్నట్టుంది. మౌల్టింగ్, అదే కుబుసం విడవడం అంటే మా దగ్గర ఇంటిల్లిపాదికీ టెన్షన్. పౌర్ణమికీ అమావాస్యకీ ఎక్కువ రొయ్య కుబుసం వదులుతుందని లెక్క. ఆ రాత్రుళ్లు మినరల్స్ చల్లుతాం, ఏరేటర్లు ఆపం, మేత తగ్గిస్తాం. పొద్దున్నే చెరువులో దించిన చెక్ ట్రే లేపి రొయ్యని వేళ్ల మధ్య నొక్కి చూస్తాం. పెంకు గట్టిపడిందా, లూజ్ షెల్ (వదులు పెంకు) ఉందా అని. మెత్తగా ఉన్నదాన్ని పక్క రొయ్యలే పీక్కు తింటాయి.

పెంకు కట్టడానికి కావలసిన సరుకు చాలావరకు నీళ్లలోంచే తీసుకుంటుందండి, మేత ఒక్కటే పెడితే చాలదు. ఎకరం చెరువైనా మీ రెండడుగుల ట్యాంకైనా అది ఒకటే.

మీ చెర్రీలు కూడా ఒకదాన్నొకటి తింటాయా?

శ్రావణి_మియాపూర్ | మార్చి 9, మధ్యాహ్నం 2:15

బతికున్నవాటి జోలికి పోవు. చనిపోయినదాన్ని తింటాయి, వదిలిన కుబుసాన్ని కూడా తింటాయి. అందుకే ఖాళీ పెంకు కనిపిస్తే తీసేయకండి, అందులోని కాల్షియం వాటికే పనికొస్తుంది.

మీ మాట నూటికి నూరుపాళ్లు నిజం. చెరువు వాళ్లకి తెలిసిన సంగతి మాకు చాలా నష్టపోయాక గానీ తెలియలేదు.

గువ్వల_మిద్దె | మార్చి 9, సాయంత్రం 5:50

పక్షులకి పెట్టే సముద్రపు నురుగు (కటిల్ బోన్) ముక్క వేస్తే సరిపోదా? నా దగ్గర బోలెడు ఉంది. లేకపోతే గుడ్డు పెంకులు?

నాచుతోట | మార్చి 9, సాయంత్రం 6:30

వేయొచ్చు, నష్టం లేదు. కానీ పీహెచ్ 7 నీళ్లలో చాలా మెల్లగా కరుగుతుంది. పైగా అది దాదాపు అంతా కాల్షియం కార్బొనేటే, మెగ్నీషియం చాలినంత రాదు. ఇప్పుడున్న స్థితిలో దానిమీద ఆధారపడొద్దు. రాగి అని నేను వేసిన అంచనా తప్పు, శ్రావణి గారు చెప్పిందే సరైనది.

బెజవాడ_బాల్కనీ | మార్చి 9, రాత్రి 9:15

అయితే రేపే సగం తీసి కుళాయి నీళ్లు పోసేయనా?

శ్రావణి_మియాపూర్ | మార్చి 9, రాత్రి 9:22

వద్దు వద్దు! ఒక్కసారిగా పెంచినా అవి మళ్లీ తొందరపడి కుబుసం వదులుతాయి, మిగిలిన 10 కూడా పోతాయి.

రోజుకి 3 లీటర్లు మాత్రం తీయండి. కుళాయి నీళ్లకి డీక్లోరినేటర్ (క్లోరిన్ పోగొట్టే మందు) కలిపి, సన్న ఎయిర్ ట్యూబుకి ముడివేసి చుక్కలుగా దించండి. మీటర్ రోజుకి 11 పాయింట్లు, ఆ లోపే పెరుగుతుంది. 200 దగ్గరికి రావడానికి రెండున్నర వారాలు పడుతుంది. ఈలోగా ఒకటో రెండో పోవచ్చు, లోపల ఇప్పటికే తయారైన పెంకుని మనం ఇప్పుడు బాగుచేయలేం. దానికి మీరు భయపడి పద్ధతి మార్చకండి.

200 వచ్చాక వారానికి ఒకసారి 6 లీటర్లు మార్చండి, అంతే. కుళాయి నీళ్లు రెండు పాళ్లు, ఆర్వో ఒక పాలు కలిపితే 205 వస్తుంది. ట్యాంకులో నీళ్లు ఆవిరై తగ్గినప్పుడు మాత్రం ఉత్త ఆర్వోనే పోయాలి. ఎందుకంటే నీళ్లు ఆవిరైపోతాయి గానీ ఉప్పులు అక్కడే ఉంటాయి. మీ ఆర్వో నీళ్లు వృథా కావు.

మేత వారానికి మూడు రోజులు చాలు. ఉడికించిన పాలకూర ఆకు ఒకటి, లేదా మరిగించిన మల్బరీ ఆకు. పెసరగింజంత మేత బిళ్ల వేసి, రెండు గంటల తర్వాత మిగిలితే తీసేయండి. మొద్దు మీద జిగురులా పట్టే పొరే వాటి అసలు తిండి. ఎండిన బాదం చెట్టు ఆకు ఒకటి వేయండి, ఊరంతా రాలుతూ ఉంటుంది కదా. పొగ, దుమ్ము పడే రోడ్డు పక్క చెట్టుది వద్దు.

బెజవాడ_బాల్కనీ | మార్చి 27, రాత్రి 9:40

ఇన్ని రోజులూ ఏమీ రాయలేదు, క్షమించండి. లెక్క నిలబడ్డాకే రాద్దామనుకున్నాను. ఇవాళ టీడీఎస్ 199. జీహెచ్ కిట్ వచ్చింది, ఏడో చుక్కకి రంగు మారింది, అంటే 7. మార్చి 12న ఇంకొకటి పోయింది. అప్పటి నుంచి 15 రోజులు, 9కి 9 ఉన్నాయి. నిన్న ఉదయం గాజుముక్కలా మెరుస్తూ ఒక కుబుసం దొరికింది, మీసాలతో సహా చెక్కుచెదరకుండా! పాప దాన్ని చూసి ఇంకొకటి చచ్చిపోయిందని ఏడ్చింది. తొమ్మిదీ లెక్కపెట్టి చూపిస్తే గానీ నమ్మలేదు.

రెండింటికి తల వెనక వీపు మీద పసుపుపచ్చగా ఏదో కనిపిస్తోంది. జబ్బు కాదు కదా?

శ్రావణి_మియాపూర్ | మార్చి 27, రాత్రి 10:05

చాలా సంతోషంగా ఉంది! జబ్బు కాదు. మేం దాన్ని శాడిల్ అంటాం, గుర్రం వీపు మీద జీనులా ఉంటుందని. అండాశయంలో తయారవుతున్న గుడ్లు పైనుంచి అలా కనిపిస్తాయి. అంటే ఆ రెండూ ఆడవి. ఆడవి పెద్దగా, ముదురు ఎరుపులో, పొట్ట కిందికి దిగి గుండ్రంగా ఉంటాయి. మగవి సన్నగా, కొంచెం పాలిపోయినట్టు ఉంటాయి.

ఇప్పుడు ఒక రోజు చూడండి, మగవన్నీ పిచ్చిపట్టినట్టు ట్యాంకంతా ఈదుతాయి. ఆడది కుబుసం వదలగానే నీళ్లలోకి ఒక వాసన వదులుతుంది, దాన్ని వెతుక్కుంటూ తిరుగుతాయి. చాలామంది విషం పడిందని కంగారుపడి ఆ రోజే నీళ్లు మార్చేస్తారు. ముట్టుకోకండి.

కాకినాడ_తీరం | ఏప్రిల్ 2, రాత్రి 8:30

ఈ చర్చ మొదటి నుంచీ చదివాను. వేసవి వచ్చేసింది, దోమలూ వచ్చాయి, కాబట్టి నా ఇంట్లో జరిగింది చెప్పాలి.

మూడేళ్లు కష్టపడి ష్రింప్‌లో ఒక లైను (తరతరాలుగా ఏరి పెంచిన వంశం) తయారు చేశాను. దాదాపు 150 ఉండేవి. ఒక సాయంత్రం నేను ఊళ్లో లేనప్పుడు ఇంటికొచ్చిన చుట్టాలు దోమలని హాల్లో స్ప్రే కొట్టారు. ట్యాంకు మీద కొట్టలేదు, కిటికీ దగ్గర కొట్టారంతే. కానీ ఎయిర్ పంపు గదిలోని గాలినే పీల్చి నీళ్లలోకి పంపుతుంది కదండీ. అర్ధరాత్రి నేనొచ్చి లైటు వేసేసరికి కొన్ని వెల్లకిలా పడి కాళ్లు కొట్టుకుంటున్నాయి, కొన్ని గిర్రున తిరుగుతున్నాయి. పక్క ట్యాంకులో నత్తలు మాత్రం మామూలుగా పాకుతున్నాయి. తెల్లారేసరికి ఒక్కటి మిగల్లేదు.

దోమల స్ప్రేల్లో, ప్లగ్గులో పెట్టే లిక్విడ్లలో ఉండేవి ఎక్కువగా పైరెథ్రాయిడ్లు. పురుగుల నరాల మీద పనిచేస్తాయి. రొయ్యలు కూడా ఆ వంశమే, అందుకే గాలిలో కలిసిన కొంచెమే చాలు. చుట్టాలని ఒక్క మాట అనలేదు, వాళ్లకేం తెలుసు. ఇప్పుడు ట్యాంకు ఉన్న గదిలో మెష్ తలుపు, రాత్రి దోమతెర. వీధిలో ఫాగింగ్ బండి చప్పుడు వింటే కిటికీలు మూసి, ఎయిర్ పంపు గంటసేపు ఆపేస్తాను.

బెజవాడ_బాల్కనీ | ఏప్రిల్ 2, రాత్రి 9:10

చదువుతుంటే గుండె జారింది. పడకగదిలో లిక్విడ్ ప్లగ్గు ఉంది, ఇప్పుడే తీసి బయట పెట్టాను. దోమతెర రేపు కొంటాను.

ఎండల సంగతి కూడా చెప్పండి. నీళ్లు ఇప్పటికే 29 దాటుతున్నాయి. ఐసు బాటిల్ వేయొచ్చా?

కాకినాడ_తీరం | ఏప్రిల్ 2, రాత్రి 9:35

ఐసు వద్దు. వేడి ఒక్కసారిగా పడిపోయి, కరిగాక మళ్లీ ఎక్కుతుంది. నిలకడగా ఉన్న 29 కంటే ఆ ఊపు ప్రమాదం. మూత తీసి, నీళ్ల మీదికి తగిలేలా చిన్న ఫ్యాను పెట్టండి. నీళ్లు ఆవిరవుతూ రెండు మూడు డిగ్రీలు తగ్గుతాయి. మా కాకినాడ ఉక్కలో అంత తగ్గవు, బెజవాడ వడగాలికి బాగానే పనిచేస్తుంది. అసలు ఇబ్బంది వేడి ఒక్కటే కాదు. వేడి నీళ్లలో ఆక్సిజన్ తక్కువ నిలుస్తుంది. కాబట్టి కరెంటు పోయినా ఎయిర్ పంపు ఆగకూడదు, ఇన్వర్టర్ లైనుకి కలపండి. మేత కూడా తగ్గించండి.

బెజవాడ_బాల్కనీ | ఏప్రిల్ 8, ఉదయం 6:50

గుడ్లు!! పెద్ద ఆడదాని పొట్ట కింద ద్రాక్ష గుత్తిలా ఉన్నాయి. పచ్చటి పసుపు. కాళ్లతో విసనకర్రలా విసురుతూనే ఉంది, ఆపడం లేదు. ఎన్ని రోజులు పడుతుంది? వేరే డబ్బాలోకి మార్చాలా?

శ్రావణి_మియాపూర్ | ఏప్రిల్ 8, ఉదయం 7:15

మార్చొద్దు, వల వేయొద్దు. కంగారు పెడితే కుబుసం వదిలేస్తుంది, గుడ్లు దాంతోపాటే పోతాయి. మామూలుగా 25 నుంచి 30 రోజులు, మీ వేడికి కొంచెం ముందే రావచ్చు. గుడ్లలో నల్ల చుక్కలు జంటగా కనిపిస్తే అవి పిల్లల కళ్లు, ఇక కొద్ది రోజులే.

ఉండి_కాలువ | ఏప్రిల్ 8, ఉదయం 10:00

ఆడరొయ్య గుడ్లు మోస్తుందా! మా వెనామీ అయితే లక్షల్లో గుడ్లు నీళ్లలోకి వదిలేసి పోతుందండి. తర్వాత హ్యాచరీ వాళ్లు నాప్లి, జోయియా, మైసిస్ అంటూ ఒక్కో దశా దాటించి, సముద్రపు నీళ్లలో పెంచి మాకు సీడ్ (రొయ్య పిల్లలు) ఇస్తారు. మీరు ఇవన్నీ ఇంట్లో చేయాలా?

శ్రావణి_మియాపూర్ | ఏప్రిల్ 8, ఉదయం 10:20

ఏమీ చేయక్కర్లేదు, చెర్రీల గొప్పదనం అదే. ఒక్కో ఆడది 20, 30 గుడ్లు మాత్రమే మోస్తుంది, కానీ పొదిగి బయటికొచ్చేది చిన్న సైజు ష్రింపే. తల్లికి ఉన్నవన్నీ దానికీ ఉంటాయి. నాచు తినడానికి వాడే అమానో ష్రింప్ అలా కాదు, వాటి పిల్లలకి ఉప్పు నీళ్లు కావాలి, ఇళ్లలో పెంచడం చాలా కష్టం.

ఒక్క మాట ఉండి గారూ. చెరువుల దగ్గర నుంచి నీళ్లు గానీ, పచ్చి రొయ్య గానీ, వలలు గానీ ఎవరూ తెచ్చి ట్యాంకులో వాడకూడదు. తెల్లమచ్చ వైరస్ చాలా జాతుల రొయ్యలకీ పీతలకీ అంటుతుంది.

ఉండి_కాలువ | ఏప్రిల్ 8, ఉదయం 10:32

ఆ పేరు వింటేనే మా ఊళ్లో నిద్రపట్టదండి. తప్పకుండా జాగ్రత్తపడతాను.

బెజవాడ_బాల్కనీ | మే 3, రాత్రి 10:20

మూడు రోజులుగా ఆడదాని పొట్ట ఖాళీగా ఉంది, పిల్లలు ఎక్కడా కనిపించలేదు, అన్నీ పోయాయనుకున్నాను. ఇవాళ లైటు ఆపాక టార్చ్ వేసి చూశాం. బాదం ఆకు సగం కుళ్లి జల్లెడలా అయింది. దాని ఈనెల మీద కామా అంత పిల్ల ఒకటి ఉంది. రెండు మిల్లీమీటర్లు ఉంటుందేమో. ఒళ్లంతా అద్దం, లోపల తిన్న నాచు ఆకుపచ్చ దారంలా కనిపిస్తోంది, వీపు మీద ఆవగింజలో సగమంత ఎరుపు. కళ్లు మాత్రం నల్లగా, పెద్దవి. ముందు కాళ్లతో ఆకుని గీకి నోట్లో పెట్టుకుంటోంది, తల్లి చేసినట్టే. ఆ ఒక్కటి కనిపించాక ఇక మిగతావి వాటంతట అవే కనిపించాయి. పాప 14 దాకా లెక్కపెట్టింది, మాస్ కదిలింది, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టింది.

పాప ఇప్పుడు నీలం రంగువీ, పసుపువీ కూడా కావాలంటోంది. ఇందులోనే కలపొచ్చా?

నాచుతోట | మే 3, రాత్రి 10:45

శుభాకాంక్షలు అండి! కానీ కలపొద్దు. రెడ్ చెర్రీ, బ్లూ డ్రీమ్, ఎల్లో, ఇవన్నీ ఒకే జాతి, నియోకారిడినా డేవిడి. చైనా, తైవాన్ ప్రాంతాల వాగుల్లో ఉండే అసలు రొయ్య గోధుమరంగులో, మరకలతో ఉంటుంది. అందులోంచి ఎర్రవాటిని ఏరి ఏరి తరాల తరబడి నిలబెట్టిన రంగు ఇది. రంగులు కలిస్తే రెండు మూడు తరాల్లో మళ్లీ ఆ గోధుమరంగుకే పోతాయి. నీలానికి వేరే ట్యాంకు పెట్టండి.

ఎరుపు తెలుపు పట్టీల క్రిస్టల్ రెడ్ వేరే సంగతి. 1990ల్లో జపాన్‌లో హిసయాసు సుజుకి తన నల్ల బీ ష్రింప్‌లో పుట్టిన ఎర్రవాటిని ఏరి, వాటినుంచి లైను తీశారు. అది కారిడినా అనే వేరే ప్రజాతి, చెర్రీతో కలవదు. కానీ దానికి పుల్లటి, మెత్తటి (ఖనిజాలు తక్కువున్న), చల్లటి నీళ్లు కావాలి, 24 దాటితే కష్టం. బెజవాడలో చిల్లర్ (నీళ్లు చల్లబరిచే యంత్రం) లేకుండా ప్రయత్నించొద్దు.

గువ్వల_మిద్దె | మే 4, ఉదయం 9:00

రంగు పాలిపోయిన పిల్లల్ని ఏం చేస్తారు? కాలువలో వదిలేయొచ్చా? బతుకుతాయి కదా.

శ్రావణి_మియాపూర్ | మే 4, ఉదయం 9:30

బతుకుతాయి కాబట్టే వదలకూడదు. జర్మనీలో విద్యుత్ కేంద్రం వేడినీళ్లు కలిసే గిల్‌బాఖ్ అనే వాగులో ఎవరో వదిలినవి స్థిరపడిపోయాయి, చలిదేశమైనా సరే. మన నీళ్లు ఏడాదంతా వెచ్చగానే ఉంటాయి. మన కాలువల్లో మన చిన్న రొయ్యలు ఉన్నాయి, వాటి తిండీ చోటూ ఇవి లాక్కుంటాయి. పాలిపోయినవాటికి నేను బాల్కనీలో ఒక తొట్టి పెట్టాను, మొక్కలతో హాయిగా ఉన్నాయి. అడిగిన పిల్లలకి ఊరికే ఇస్తాను.

ఉండి_కాలువ | మే 4, రాత్రి 8:15

బెజవాడ అన్నా, మీ పిల్లలు సెంటీమీటర్ దాటాక నాకు ఓ 15 ఉంచుతారా? పార్సిల్ ఖర్చు నాదే. చెరువుకి దూరంగా, ఇంట్లో పెడతాను. మా నాన్నకి చూపించాలి. నలభై ఏళ్లుగా రొయ్యల్లోనే ఉన్నా, పిల్లని తల్లి పక్కన చూడలేదాయన.

బెజవాడ_బాల్కనీ | మే 4, రాత్రి 8:40

తప్పకుండా తమ్ముడూ, ఖర్చేమీ వద్దు. ఈలోగా ట్యాంకు పెట్టి ఆరు వారాలు తిప్పు. నీ నీళ్ల టీడీఎస్, జీహెచ్ కొలిచి ఇక్కడ రాయి. అది చూశాకే పంపిస్తాను.